తుమికిగెడ్డ పురుగుల సంబరం

ఒకటో రోజు. గెడ్డ పెద్దేట్లో కలిసే చోటు.

పొద్దున ఏడింటికి వల దించాను. నీళ్ళు మోకాలి లోతు, కాస్త మడ్డి. వలకి ఎగువన రాళ్ళను రెండు నిమిషాలు కాలితో కదిపి, కొట్టుకొచ్చిన వాటిని తెల్లపళ్ళెంలో పోసి లెక్కపెట్టాను. ఇసకతో గూడు కట్టుకునే గూటిపురుగులు పదకొండు, మూడుతోకల పురుగులు నాలుగు, రాతిపురుగు ఒక్కటీ లేదు. రెండో తరగతి. ఇక్కడ ఎప్పుడూ రెండో తరగతే. వరదలప్పుడు పెద్దేరు ఎదురుతన్ని బురద వదిలిపోతుంది. అందులో తుమికిగెడ్డ తప్పేమీ లేదు.

నీటికన్ను కూడా ముంచాను. పచ్చదీపం వెలిగింది. ఈ యంత్రానికి పచ్చ తప్ప మరో రంగు తెలుసా అని నాకెప్పుడూ అనుమానమే. ఈ క్షణాన నీరెలా ఉందో మాత్రం చెబుతుంది. నిన్న విషం పారి వెళ్ళిపోతే దానికి తెలియదు. పురుగు అలా కాదు, ఏడాది పొడుగునా ఆ రాయి కిందే దాని కాపురం. ఒక్క పూట నీరు చెడినా చస్తుంది. అందుకే మన చట్టం యంత్రం మాట పక్కన పెట్టి పురుగు మాట వింటుంది.

ఏటి పరిషత్తుకు పంపే పత్రం వేరే ఉంది. ఈ పుస్తకం నా సొంతం, అందులో పట్టనివన్నీ ఇక్కడ రాసుకుంటాను. పదిహేనేళ్ళుగా తనిఖీదారుగా పదకొండు గెడ్డలు నడుస్తున్నాను. ఎర్నమ్మ వల వేస్తే పురుగు తప్పించుకోదని పరిషత్తులో ఒక మాట ఉంది. ఆ మాటంటే నాకిష్టం, దాచుకోవడం దేనికి!

రెండో రోజు. ఎగువకు నడక.

దున్న ఉదయమంతా మొరాయించింది. నా సామాను మోసే నాలుగుకాళ్ళ యంత్రానికి ఆ పేరు నేనే పెట్టాను. మబ్బు పడితే చాలు, ఎండ చాలలేదని కూర్చుంటుంది. నాలుగు తిట్లు తిట్టి కూర్చున్నాను, అదీ కూర్చుంది.

మధ్యాహ్నం చింతగెడ్డ వాళ్ళ గుడారాల పక్కనుంచి వచ్చాను. వాళ్ళ గెడ్డ నాలుగో తరగతికి పడిపోయి విరామంలోకి వెళ్ళింది. విరామమంటే ఏడేళ్ళు. ఆ గెడ్డ ఒడ్డున మనిషి ఉండకూడదు, నాగలి పెట్టకూడదు. వాళ్ళకిది ఐదో ఏడు. ఒక ఆడమనిషి చెయ్యి తుడుచుకుంటూ ఎదురొచ్చి, "మా గెడ్డకి సేప తిరిగొచ్చిందేటమ్మా?" అని అడిగింది. అది నా గెడ్డ కాదు, నాకు తెలియదని చెప్పాను. నా వల కనిపిస్తే చాలు, వాళ్ళకు ఎవరైనా ఒకటే.

వీళ్ళకు ఇంకా రెండేళ్ళు, తర్వాత సొంత ఊరికి పోతారు. ఆ హక్కు చట్టం ఇచ్చింది. అది లేని వాళ్ళూ ఉన్నారు. తనిఖీకి ముందు నీళ్ళలో మందు కలిపి దొరికిపోయిన ఊరొకటి ఉండేది. ఏటిని మోసగించిన వాళ్ళకు తిరుగుహక్కు ఉండదు. వాళ్ళను నాలుగు దిక్కులకూ పంచేశారు. ఆ ఊరి పేరు ఇప్పుడు పటంలో కూడా లేదు.

మూడో రోజు. జీలుగువలస, రాతిరేవు.

తుమికిగెడ్డ మీద ఉన్న ఊరు ఇదొక్కటే. అరవై రెండిళ్ళు. గెడ్డ మొదట్లో ఊట దగ్గర, ఊరి రేవులో, చివర ఏట్లో కలిసే చోట, ఈ మూడు చోట్లే వల వెయ్యాలని నియమం. ఊళ్ళో బస చెయ్యకూడదని మరో నియమం. కాబట్టి ఏటా కిందినుంచి రావడం, వల వెయ్యడం, కొండెక్కి అవతలికి దిగిపోవడం, ఇంతే నాకు ఈ ఊరితో ఉన్న పరిచయం.

రేవులో వల వేస్తే పళ్ళెం నిండిపోయింది. రాతిపురుగులే నూట నలభై, మూడుతోకలవి డెబ్బై రెండు. ఒకటో తరగతి, అందులోనూ మేలైనది. ఒడ్డున పాతికమంది దాకా చేరారు. పత్రంలో అంకె వేశాను. వేశాక, ఎందుకో తెలియదు, పళ్ళెం వైపు మళ్ళీ చూశాను.

అన్నీ ఒకే ఈడువి. ఊరన్నాక ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ ఉంటారు. ఈ పళ్ళెంలో పిల్లపురుగు ఒక్కటీ లేదు, అన్నీ బాగా ఎదిగినవే. లేచి ఒడ్డున రాళ్ళు చూశాను. పురుగు రెక్కలొచ్చి ఎగిరిపోయే ముందు రాయెక్కి కుబుసం విడిచిపోతుంది. ఇన్ని పురుగులుండే చోట రాళ్ళనిండా ఎండిన కుబుసాలు అంటుకుని ఉండాలి. ఒక్కటీ లేదు. అద్దంలా ఉన్నాయి రాళ్ళు.

గెడ్డపెద్ద రాముడమ్మ పక్కనే ఉంది. నలభై ఏళ్ళుంటాయి, ఊరి తరపున ఏటి పనులన్నీ చూసే మనిషి. "ఈ పురుగులు ఎక్కడివి?" అని అడిగాను.

ఆవిడ ముఖం విచ్చుకుంది. ఇన్నాళ్ళకు అడిగారు గదా అన్నట్టు చూసింది.

"ఎక్కడివేటమ్మా! మేవు తెచ్చినవే. ఊట కాడ్నించి కుండల్తోటి తెత్తాం. మీరొచ్చేముందు మాకిది సంబరం. తడిగుడ్డలు కప్పి, నీడ సూసుకొని నడుత్తాం. దారిలో రెండు మాట్లు నీళ్ళు మారుత్తాం. సంటిపిల్లల్ని తెచ్చినట్టు తెత్తావమ్మా."

"ఎవరు చెయ్యమన్నారు?"

"అదేటమ్మా అలగంతారు? మీరే గదా సెప్పినారు! మొదటిపాలి ఒచ్చినప్పుడు ఇక్కడే నిలబడి, ఈ పురుగుల్ని కాపాడుకోండి, గెడ్డ దానికదే బాగుంటాదని అన్నారు. ఆ యేటినుండీ ఒక్క యేడు మానితే ఒట్టు."

ఒడ్డున ఉన్నవాళ్ళంతా తలలూపారు. రాముడమ్మ పెనిమిటి సోములు, "మా ఇంటిదయితే మూడు కుండలెత్తుద్దమ్మా" అన్నాడు గొప్పగా.

అన్నాను. అన్నట్టు గుర్తుంది. వానొచ్చేలా ఉంది, కొండ దాటాలి, ఎవరో పురుగులెందుకమ్మా లెక్కపెడతారని అడిగారు. తీరిగ్గా చెప్పే ఓపిక లేక ఆ ముక్క పడేసి పోయాను. పురుగు గెడ్డకి గుర్తు మాత్రమే, మందు కాదు. గెడ్డ బాగుంటే పురుగుంటుంది గాని, పురుగుల్ని తెచ్చి పోస్తే గెడ్డ బాగుపడదు. ఆ రెండో మాట చెప్పడానికి అరనిమిషం పట్టేది. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నేను పద్నాలుగేళ్ళ కిందట జారాను.

పళ్ళెంలో పురుగుల్ని రేవులోకే వదిలాను. రేపు మళ్ళీ వస్తానన్నాను. కొండెక్కకుండా ఆగిపోవడం ఇదే మొదటిసారి. వాళ్ళకు ఆశ్చర్యం, కాస్త సంతోషం కూడా.

నాలుగో రోజు. ఊరికి ఎగువన.

నియమంలో లేని చోట వల వేశాను. రేవుకి రెండు వందల అడుగులు పైన. ఖాళీ. మళ్ళీ వేశాను, ఖాళీ. మూడోసారి కాలు బొబ్బలెక్కేదాకా రాళ్ళను తన్నాను. చచ్చిన ఆకులు తప్ప ఏమీ రాలేదు. అసలు రాళ్ళే కదల్లేదు, సున్నం పోసి అతికినట్టున్నాయి.

అక్కడినుంచి పైకి నడిస్తే ఎడమవైపు నుంచి ఒక పిల్లవాగు వచ్చి కలుస్తుంది. వేసవిలో ఎండిపోతుంది, ఇప్పుడూ చుక్క లేదు. దాని రాళ్ళమీద తెల్లటి పెచ్చు కట్టింది. గోటితో గీరితే వేలు చుర్రుమంది. వాగు పట్టుకుని గంట నడిస్తే, జిల్లాలున్న కాలంలో తవ్వి వదిలేసిన గని వచ్చింది. గని మడ్డిని ఆపడానికి కట్టిన కట్ట అడుగున నెర్రె విచ్చింది. నా చెయ్యి పట్టేంత నెర్రె. వానలప్పుడు అందులోంచి ఒళ్ళు కాల్చే నీరు గెడ్డలోకి దిగుతుంది, వానలు పోగానే ఆగిపోతుంది. నేను వచ్చేది మాఘంలో. నీటికన్ను పచ్చగా వెలగక ఏం చేస్తుంది?

పెచ్చు మందం చూస్తే పదేళ్ళకి తక్కువ కాదు. మొదటి ఏడే రేవులో పురుగు చచ్చి ఉంటుంది. వీళ్ళు తెచ్చి పొయ్యకపోతే మొదటి ఏడే నా వల ఖాళీగా లేచేది. నెర్రె పూడ్చి, ఒక పంట ఆపి, ఊరు ఊరుగా ఉండగానే బాగుచేసుకునేవాళ్ళం. అంతా పురుగుల మీదే ఆధారపడి ఉంది. ఆ పురుగులేమో కుండల్లో వచ్చాయి.

రాతిగట్టు మీద కూర్చుని ఏడ్చాను. దున్న పక్కన నిలబడి ఉంది. దానికి ఈరోజు ఎండ బాగా దొరికింది.

ఐదో రోజు. ఊట.

ఊట దగ్గర నీరు తేటగా ఉంది. పురుగులు తొంభై. వీటిలో పిల్లలూ ఉన్నాయి, రాళ్ళమీద కుబుసాలూ ఉన్నాయి. ఇక్కడ ఒకప్పుడు మూడు వందలు ఉండేవి. పాత పత్రాలు తీసి చూశాను. రెండొందల అరవై, రెండొందలు, నూట యాభై. ప్రతి ఏడూ పక్కన నా చేతిరాతే, వాన తక్కువ అని. వాన తక్కువై కాదు. ఉన్నవాటిలో ఎదిగినవి ఏరి కిందికి తీసుకుపోతున్నారు. ఎర్నమ్మ వలకి పురుగు తప్పించుకోదట!

దిగేటప్పుడు గెడ్డ ఒడ్డు చేలు చూశాను. రాగులు కోసిన మోళ్ళ మధ్య నేల తెల్లబారింది. చట్టం ప్రకారం ఇది నాలుగో తరగతి. ఇందులో నేను చెయ్యగలిగేది లేదు. జీలుగువలస ఏడేళ్ళు ఖాళీ చెయ్యాలి. తిరిగి రాగలరా లేదా అన్నదొక్కటే మిగిలింది. అది నా పత్రంలో కారణమని ఉండే గడిలో నేనేం రాస్తానన్నదాని మీద ఉంది.

ఆరో రోజు. ఊరి బయట, మామిడితోపు.

పలుకుపెట్టెలో పరిషత్తు కార్యదర్శి గౌరీశుతో మాట్లాడాను. ఉన్నదంతా చెప్పాను. గౌరీశు మంచివాడే. నాకు మేలు చెయ్యాలనే చూశాడు.

"ఎర్నమ్మగారూ, పురుగుల్ని మోసుకొచ్చి రేవులో ఒదిలారా, లేదా?"

"ఒదిలారు."

"మరింకేటి? చట్టంలో దాన్ని ఏటిని మోసగించడమనే అంటారు. అదే రాయండి."

"నేను చెప్పబట్టి చేశారయ్యా."

"పద్నాలుగేళ్ళ కిందటి మాట ఎవడికి గుర్తు?"

"ఊరందరికీ గుర్తు."

"పత్రంలో లేదు గదా! మీ తప్పని రాస్తే మీ పదకొండు గెడ్డల పత్రాలూ చెల్లవు. పదిహేనేళ్ళవీ. మళ్ళీ అన్నీ నడిపించాలి. ఎవరున్నారు నడవడానికి? మీ వల ఒప్పజెప్పాలి. రెండేళ్ళలో విశ్రాంతి తీసుకోబోతా ఇదేం పనండీ?"

ఆలోచిస్తానన్నాను. ఆలోచించాను కూడా, అబద్ధం ఎందుకు? అతనన్న దాంట్లో అక్షరం తప్పు లేదు. పురుగుల్ని తెచ్చింది వాళ్ళే. నేను అన్నది ఒక్క ముక్క. వాళ్ళ తెలివి వాళ్ళకుండొద్దా అని కూడా అనుకున్నాను. అలా అనుకోవడం సులువుగానే ఉంది. మధ్యాహ్నానికి పత్రం నింపేశాను. కారణం: గ్రామస్థులు పురుగులను వేరుచోటనుంచి తెచ్చి తనిఖీని మోసగించుట. అచ్చు వేసినట్టు వచ్చింది చేతిరాత.

ఏడో రోజు. అక్కడే.

పొద్దున్నే రాముడమ్మ వచ్చింది. చేతిలో బిరడా బిగించిన సీసా. ఊళ్ళో నేను బస చెయ్యకూడదని తెలుసు గనక తోపు బయటే నిలబడి పిలిచింది.

"పోయినేడు మీతో సెప్పినాను గుర్తుందేటమ్మా? వానల్లో గెడ్డలో దిగితే సేతులు పొట్టు లేసిపోతన్నాయని. సబ్బు మార్చమన్నారు మీరు."

గుర్తులేదు. కాని ఆ మాట నాదే అయి ఉంటుంది. నా గొంతు నాకు తెలుసు.

"మార్చినాను. మూడు రకాలు మార్చినా తగ్గనేదు. సబ్బు కాదు, నీళ్ళేనేమోనని అనుమానమొచ్చింది. మొన్న శ్రావణంలో పెద్దవాన కురిసిననాడు ఈ సీసాతోటి పట్టి దాచినాను. మీరొత్తే సూపిద్దారని. రేవుకాడ అందరి ముందూ సెప్తే మీకు నామోషీగుంటాదని ఆగినాను."

నీటికన్ను సీసాలో ముంచాను. ఎర్రగా వెలిగింది. పదిహేనేళ్ళలో ఎరుపు చూడటం అదే మొదటిసారి.

"ఎర్రగా ఎలిగిందేటి?" అంది రాముడమ్మ. భయపడిందని గొంతులో తెలిసింది.

"రేపు గెడ్డలో నిలబడి చెబుతాను. ఊరందర్నీ రమ్మను."

ఆవిడ వెళ్ళిపోయింది. ఇంతకంటే పెద్ద సిగ్గు నా జన్మలో ఎరగను. రుజువు కావాలని ఆరునెలలు సీసాలో నీళ్ళు దాచింది, అందులోనూ నాకు తలవంపులు రాకుండా చూసుకుంది. ఇలాంటి మనిషి పక్కన నేను మోసం అనే మాట రాశాను. పత్రం చింపేసి కొత్తది రాశాను. కారణం: తనిఖీదారు ఎర్నమ్మ గ్రామస్థులకు తప్పు బోధించుట, పద్నాలుగేళ్ళు తన వలను తాను పరీక్షించకపోవుట, గ్రామస్థురాలి ఫిర్యాదును పెడచెవిన పెట్టుట. ఈసారి రెండుచోట్ల కొట్టేసి దిద్దాను. అయినా చదవడానికి వీలుగానే ఉంది.

గౌరీశుకు చదివి వినిపించాను. కారణం మళ్ళీ చదవమన్నాడు. చివరికి, "వాళ్ళకి తిరుగుహక్కు ఉంటుంది" అన్నాడు. "నాకు కావలసింది అదే" అన్నాను.

ఎనిమిదో రోజు. రాతిరేవు.

తరగతిని నీళ్ళలో నిలబడే చదవాలి. ఒడ్డున ఊరంతా ఉంది. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలని ముందుగా తరగతే చెప్పేశాను. నాలుగు. తర్వాత గని, నెర్రె, తెల్లపెచ్చు, సీసా. తర్వాత నా తప్పు, ఒక్కొక్కటే, పేరుపెట్టి. చివర ఏడేళ్ళు అన్నాను, తిరిగొచ్చే హక్కు మీదే అన్నాను.

తర్వాత సోములు కేకలు పెట్టాడు. "మీరు సెప్పినట్టు సేసినాం! సెప్పినట్టు సేసినోళ్ళని ఎల్లగొడతారా? ఏడేళ్ళకి మా అయ్య బతికుంటాడా? ఎక్కడ కాలుత్తాం అతన్ని, ఎవుడి గెడ్డ ఒడ్డున?" ఇద్దరు అతని భుజాలు పట్టుకున్నారు. అతను అనవలసిందే అన్నాడు, నేను పడవలసిందే పడ్డాను.

చదివాక ఊరంతటికీ కలిపి ఒక్క ప్రశ్న అడిగే హక్కుంది. దానికి తనిఖీదారు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒడ్డున గుంపులు గుంపులుగా మాట్లాడుకున్నారు. ఎక్కడికి పంపుతారో అడగమన్నారు కొందరు. అందర్నీ ఒక్కచోటే ఉంచుతారా అని అడగమన్నారు మరికొందరు. చివరికి గెడ్డపెద్ద గనక రాముడమ్మకే వదిలేశారు. ఆవిడ నీళ్ళ అంచుకి వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"పద్నాలుగేళ్ళు తెచ్చి ఒదిలినాం గదమ్మా పురుగుల్ని. అవన్నీ ఏటయిపోయినాయి?"

అది అడుగుతుందని నేననుకోలేదు. ఒడ్డున కూడా ఎవరూ అనుకోలేదు, ఒకరిద్దరు విసుక్కున్నారు. నేను నీళ్ళలోకి చూశాను. పురుగులున్న వైపు చూస్తూ చెప్పడానికి ధైర్యం చాలక తలెత్తి చెప్పాను.

"చచ్చిపోయాయి రాముడమ్మా. ప్రతి ఏడూ, తొలకరి నీరు రాగానే. ఒక్కదానికీ రెక్కలు రాలేదు."

ఆడవాళ్ళలోంచి ఒక మూలుగులాంటిది వచ్చింది. ఊరు ఖాళీ చెయ్యాలన్నప్పుడు కూడా అలా వినబడలేదు. రాముడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత చీర కుచ్చిళ్ళు ఎగదోపి నీళ్ళలోకి దిగింది. నన్ను దాటి వెళ్ళి, వంగి, ఒక రాయి ఎత్తి చూసింది. దాని అడుగున ఒక రాతిపురుగు. దోసిట్లోకి తీసుకుంది.

"ఈ యేటివి ఇంకా బతికే ఉన్నాయి. కుండలు తెండర్రా" అంది ఒడ్డుకేసి తిరిగి.

అందరూ దిగారు. సోములు అందరికంటే ఆఖర్న దిగాడు, మూడు కుండలు పట్టుకుని. వల వేస్తే పురుగుల కాళ్ళు విరుగుతాయని చేతుల్తోనే ఏరారు. నేనూ పక్కన దిగి రాళ్ళు ఎత్తాను. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు.

మధ్యాహ్నానికి రేవులో పురుగు మిగల్లేదు. తడిగుడ్డలు కప్పి ఊటదారి పట్టారు. దారి నడిమధ్య నీళ్ళు మార్చడానికి ఆగినప్పుడు రాముడమ్మ నాకేసి చూడకుండా, "నెమ్మదిగా పొయ్యమ్మా, పిల్లలు జడుసుకుంటాయి" అంది. నెమ్మదిగానే పోశాను.